కెరేతారో గల్లీలు

ఉపేందర్ సొంతూరు జనగామ పక్కన. నాచారంలో మాత్రలు ప్యాక్ చేసే యంత్రాల కంపెనీలో ఫిట్టర్. 2008లో ఆ యంత్రాలు కొన్ని మెక్సికోలోని కెరేతారో అనే నగరానికి వెళ్లాయి. వాటిని బిగించి, అక్కడివాళ్లకు నడపడం నేర్పి రమ్మని అతన్ని పంపారు. అప్పటిదాకా అతను విమానం ఎక్కి ఎరగడు.

బస ఎలేనా అనే పెద్దావిడ ఇంట్లో. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉండేది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు, ఇతనికి వచ్చిన ఇంగ్లీషు దాదాపు ఒక్కటే. అందుకే మాట కలిసింది. అతను డ్యూటీ దిగి రాగానే శాలువా కప్పుకుని, "పద, నడిచొద్దాం" అనేది.

ఎత్తయిన పీఠభూమి మీది ఊరది. పగలు ఎండ మండినా పొద్దువాలితే చల్లగాలి. ఒక మూల మీద ఆగి ఎలేనా రెండు వైపులా చెయ్యి చూపింది. ఇటు స్పెయిన్ వాళ్లు తాడు పట్టి గీసినట్టు వేసుకున్న తిన్నని వీధులు. అటు ఒతోమీలనే అక్కడి పాత జనం ఉన్న వాడలు. వాళ్ల నడకను బట్టే గల్లీలు మెలికలు తిరిగాయి. తూర్పున కొండ మీదికెక్కితే లోయకు అడ్డంగా గులాబీ రంగు రాతి కమానులు. ఒకప్పుడు ఊటల నీళ్లు వాటి మీదుగానే ఊళ్లోకి వచ్చేవట.

మరో సాయంత్రం ఒక పాత భవనం ముందు నిలబెట్టింది. "స్వాతంత్ర్యం కోసం జరిగే కుట్ర బయటపడిందని ఇక్కడ ఒకామెకు తెలిసింది. ఊరి అధికారి అయిన మొగుడు ఆమెను బయటికి పోనీకుండా గదిలో పెట్టి తాళం వేశాడు. ఆమె నేలను మడమతో తట్టి కింది అంతస్తులోని మనిషికి కబురందించింది" అని సొంత మేనత్త గురించి చెప్పినట్టు చెప్పింది. ఒక ఊరిని అంత ప్రేమగా తనకెవరూ ఎప్పుడూ చూపించలేదు. పని ముగిసి ఇంటికి విమానం ఎక్కేటప్పుడు అతనికి ఏడుపు ఆగలేదు.

ఉప్పల్‌లోని కిరాయి ఇంట్లో భార్య మానసకు రోజూ అదే ముచ్చట. ఆమె అతని మేనమామ కూతురే.

"గా ఊరి మీదనే పానం వెట్టుకుని కూసున్నవ్ బావా. ఈడ మేం మనుషులం గామా?" అని విసుక్కుంది మొదట్లో.

"గట్ల గాదు మానసా. నువ్వు పక్కన లేకుంట సూసిన. గదే నా బాధ."

ఆ మాట తర్వాత ఆమె విసుక్కోలేదు.

మరుసటి ఏడు మే నెలలో మళ్లీ వెళ్లాలన్నారు. మానస ఎలేనా కోసం సకినాలు చేసి డబ్బాకెత్తింది. అంతలో మెక్సికోలో స్వైన్‌ఫ్లూ అని టీవీలో వార్త. ప్రయాణం రద్దయింది. ఫోన్ చేస్తే, "వీధుల్లో ఎవరూ లేరు ఉపేందర్, పావురాలే తిరుగుతున్నాయి" అంది ఎలేనా. తర్వాత అక్కడివాళ్లే యంత్రాలు బాగుచేసుకోవడం నేర్చుకున్నారు. కంపెనీకి అతన్ని పంపే అవసరం పోయింది.

తెలంగాణ వచ్చిన ఏడాది చలికాలంలో ఫోన్ చేస్తే ఎవరో మేనల్లుడు ఎత్తాడు. ఎలేనా పోయి చాన్నాళ్లయిందట. ఇల్లు హోటల్‌గా మారుస్తున్నారట.

ఉపేందర్ ఆ రోజు అన్నం ముట్టలేదు. మానస పక్కన కూర్చుంది.

"జర ఆమె ఇంటికాడికి తీస్కపో బావా. యాడికెల్లి పోవాలె?"

అతను దారిలోని పాత మఠం దాకా మాటల్లోనే నడిపించి ఆగిపోయాడు. ఆ తర్వాతి మలుపు గుర్తుకు రాలేదు. భయమేసినట్టు ఆమె ముఖంలోకి చూశాడు.

"కుడిదిక్కు మర్లాలె. నీలం తలుపు ఇల్లు దాటినంక" అంది మానస.

అక్కడి నుంచి ఆమే నడిపించింది. అతను ఎప్పుడో చెప్పిన ఫౌంటెన్‌ను తప్పు వీధిలో పెట్టింది, కమానులను ఊరి నడుమకు తెచ్చింది. ఉపేందర్ సరిచేయలేదు. కళ్లు మూసుకుని, "ఇంక జెప్పు" అన్నాడు.