నాలుక మీద ఇసుక

మా ఎదురు స్థలంలో మొన్న పొద్దున లారీ వచ్చి ఇసుక దించి పోయింది. నేను చేతికర్ర పట్టుకుని మెల్లగా రోడ్డు దాటి, ఎవరూ చూడడం లేదు కదా అనుకుని, ఆ కుప్పలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. చూడనే చూసింది అక్కడ ఇల్లు కట్టించుకుంటున్న అమ్మాయి. బ్యాంకులో ఉద్యోగం, మంచి పిల్ల. "అవ్వా, అవ్వా, ఇసక నోట్లో ఏసుకుంటుండారేంది!" అని పరుగెత్తుకొచ్చింది. పక్కనున్న కాంట్రాక్టరు పకపకా నవ్వి, "ఏటిదే అవ్వా, మంచి ఏటి ఇసకే, భయంలేదు" అన్నాడు. ఏటిదే. ఆ ఒక్క మాట చెవిన పడేసరికి ఆ ఇసుక కుప్ప మీదే కూలబడ్డాను. ఎండ దెబ్బ అనుకుని పాపం ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చి తాగించింది. ఎండా లేదు, పాడూ లేదు. ఆ మాట నేనూ ఒకసారి అన్నాను, అది అని యాభై ఏళ్ళు దాటిపోయింది.

నా ఈడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, అరవైల్లో మా అల్లూరు వైపు సముద్రపు అంచు ఊళ్ళలో గోడలున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ తాటాకు కప్పిన పూరిళ్ళే. వేసవిలో ఒక పొయ్యి నుంచి నిప్పురవ్వ లేచిందంటే వరుస వరుసంతా బూడిద. మా అత్తగారు తన జీవితంలో మూడుసార్లు అలా కట్టుబట్టలతో బయటపడిన మనిషి. మూడోసారి ఆమె పెళ్ళినాటి చీరా, మామగారి బైబిలూ కూడా పోయాయి, ఆ తరువాత ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. నేను కోడలిగా అడుగుపెట్టిన వారంలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నేను పొయ్యేలోగా ఒక్క క్రిస్మస్సన్నా గోడల మజ్జన నిద్దరపోవాలమ్మాయ్, ఇంకేం అడగను" అంది. నిజంగానే ఆమె ఆ తరువాత నన్ను ఇంకేమీ అడగలేదు, అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటోంది.

మా వారు కావలిలో తాలూకా ఆఫీసు గుమాస్తా, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్ళిపోయేవారు; నేను ఊరి బడిలో టీచరుని; కాబట్టి ఇల్లు కట్టించే భారమంతా ఇరవై మూడేళ్ళ నా నెత్తిన పడింది. ఏం తెలుసు నాకు? ఒక్కొక్కటే ముక్కు పగలగొట్టుకుని నేర్చుకున్నాను. ముందు బావి తవ్వించి ఆ తరువాతే పునాది తియ్యాలనీ, ఇటుక ఒకదానితో ఒకటి తట్టితే ఖణేల్మనాలనీ, మోగనిది ఎంత చవకగా ఇచ్చినా బండి తిప్పి పంపెయ్యాలనీ, తలుపులూ కిటికీలూ ఖర్చు కాదు గానీ వాటికి పట్టే బందులూ మేకులూ రంగులూ మన ప్రాణం తీస్తాయనీ, అనుకున్నదానికి సగం కలిపి దగ్గర పెట్టుకుని గానీ ముగ్గు పొయ్యకూడదనీ. ఇప్పటి పిల్లలకి ఇవన్నీ ఫోనులో దొరుకుతాయట, దొరకనివ్వండి. ఫోనులో దొరకనిది ఒకటుంది, అదే చెప్పబోతున్నాను.

మా మేస్త్రి మనుబోలు సాయిబు. పనుల కోసం వచ్చి అల్లూరులో ఉండేవాడు. సన్నగా, గడ్డం నెరిసి, ఎప్పుడూ నేల చూపులు చూసే మనిషి. గొంతు పెంచి కూలివాణ్ణి ఒక్క మాట అనగా నేను వినలేదు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నాన్ని ఎద్దుల గానుగలో ఇసుకతో కలిపి తిప్పించి, కరక్కాయ నీళ్ళు పోయించి, వేళ్ళ మధ్య రాసి చూసి, వెన్నలా ఉంటే తప్ప తాపీ పట్టేవాడు కాదు. అన్నింటికంటే వింత, ఇసుక బండి వచ్చినప్పుడల్లా చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, సరే అంటేనే బండి దించాలి. పెన్న ఏటి ఇసుక తప్ప వాడేవాడు కాదు, అది ఒక పూట ప్రయాణం. సముద్రపు దిబ్బ ఇసుక మాకు కూతవేటు దూరంలో, మల్లెపూవులా తెల్లగా, ఎవరినీ అడగక్కర్లేకుండా కొండలు కొండలు పడి ఉండేది. అదెందుకు పనికిరాదని నేనే ఒకసారి అడిగాను. "ఉప్పు టీచరమ్మా. గోడలో ఉప్పు జొరబడిందంటే అది గోడ గాదు, లోపల్లోపల తినేస్తది" అన్నాడు. కడిగితే పోదా అంటే, "మీ ఊరి నీళ్ళతోనా?" అని మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. మా బావి నీళ్ళు కాస్త ఉప్పని వచ్చిన చుట్టాలంతా మొహం చిట్లించేవారు గానీ, పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ళే తాగి పెరిగిన మాకు అవి మంచినీళ్ళే. పై ఊళ్ళకి పోతేనే అక్కడి నీళ్ళు చప్పగా, నోటికి సహించేవి కావు.

ఆ ఏడు క్రిస్మస్, రంజాను నెల ఒక్కసారే వచ్చాయి. రెండు గదుల గోడలు లేచి, తూర్పు వైపు గది, అంటే అత్తగారి గది, ఒక్కటే మిగిలింది, అదీ లేస్తే గానీ ఇంటికి పైకప్పు పడదు. ఉపవాసాల మొదట్లో ఇంటిదగ్గర ఉండి వస్తానని మేస్త్రి నాలుగు రోజులకి మనుబోలు వెళ్తూ, ఏటి ఇసుక రెండు బండ్లు తెప్పించి ఉంచమని చెప్పి పోయాడు. అతను అటు వెళ్ళాడు, ఇటు ముసురు పట్టింది. కాలువ గట్టు తెగి బండ్ల బాట నీళ్ళలో మునిగిపోయింది, ఎంత ఆశ పెట్టినా ఏ బండివాడూ ఏటికి పోనన్నాడు. పండగ పదిహేను రోజుల్లోకి వచ్చింది, మా చర్చి అయ్యగారు క్రిస్మస్ ముందురోజు గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టి ఊరంతా చెప్పేశారు. అప్పటిదాకా మేము తలదాచుకున్న, బడి వెనక కారుతున్న పాకలో అత్తగారు తడి గోనె మీద కూర్చుని దగ్గుతుంటే, ఆ దగ్గు నాకు బడిలో పాఠం చెబుతున్నా వినిపించేది. ఈ క్రిస్మస్ దాటితే ఈమె ఇంకో క్రిస్మస్ చూస్తుందా అని భయం వేసింది నాకు. అది సాకు కాదు, నిజంగా వేసింది.

దిబ్బ ఇసుక తెప్పించేశాను. నేనేమీ తెలివితక్కువగా చేశాననుకోలేదు సుమండీ, చదువుకున్నదాన్ని కదా, నా తెలివి నాకుంది. ఆడకూలీలు ఇద్దరిని పెట్టి, గంపల్లో పోసి, మా బావి నీళ్ళు తోడి తోడి మూడుసార్లు కడిగించాను. కడిగాక నోట్లో వేసుకుని చూశాను. ఒకసారి కాదు, పదిసార్లు చూశాను. ఉప్పు లేదు. నా నాలుక మీద దేవుని సాక్షిగా ఉప్పు లేదు. అడుగూ బొడుగూ మిగిలిన ఏటి ఇసుకను దాని మీద పోయించి కలిపించేశాను.

మేస్త్రి వచ్చాడు. కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, "బో సన్నంగా ఉండాదే, ఏటిదేనా టీచరమ్మా?" అన్నాడు.

"ఏటిదే. దిగువన యాడో తవ్వినారంట" అన్నాను. ఎంత చప్పున వచ్చిందో ఆ మాట నా నోట్లోంచి!

అతను అలవాటుగా చిటికెడు తీసి నోటి దాకా తీసుకుపోయి, చటుక్కున ఆగిపోయాడు. "ఉపాసముండాను గదా. మీరే ఒకసారి నోట్లో ఏసుకొని చెప్పండమ్మా" అని అరచెయ్యి నా ముందుకు చాచాడు. నేను ఆ చేతిలోంచి తీసుకుని నాలుక మీద వేసుకుని, ఉప్పు లేదన్నాను. ఆ మాట అబద్ధం కాదు, ముందు మాటే అబద్ధం. పొద్దు గూకాక, ఉపవాసం విడిచాక చూద్దువుగాని అని నేను అని ఉంటే సరిపోయేది. అతనైనా సాయంత్రం దాకా ఆగేవాడే. కానీ, "టీచరమ్మ చూసి చెప్పినాక ఇంకేందిరా, కలపండి" అని గానుగవాణ్ణి కేకేశాడు.

క్రిస్మస్ ముందురోజు అత్తగారు ఆ గదిలో పడుకుంది. పొద్దున్నే వెళ్ళి చూస్తే గోడకి చెయ్యి ఆనించుకుని అలాగే నిద్రపోతోంది, పసిపిల్ల తల్లి కొంగు పట్టుకున్నట్టు. మా వారు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. అంత సంతోషం ఆ ఇంట్లో మళ్ళీ నేను చూడలేదు.

తరువాతి వర్షాకాలానికి ఆ గది గోడల అడుగున తెల్లగా నూగు లేచింది. చెయ్యి పెడితే పిండిలా రాలేది. అత్తగారు రోజూ పొద్దున్నే కొబ్బరి చీపురుతో ఊడ్చి, చేటలోకెత్తి, పెరట్లో పారబోసి వచ్చేది. ఒక్కనాడు మాత్రం, "గోడ ఉప్పు కక్కతాండాదమ్మాయ్" అని నవ్వింది, నన్ను నొప్పించడానికి కాదు, ఊరికే. మిగిలిన రెండు గదులూ నిక్షేపంగా ఉన్నాయి. ఈ గది ఎందుకిలా అయిందని మా వారు అడిగితే, తూర్పు గాలి, నిమ్ము అన్నాను. పడగొట్టి కట్టించాలంటే ఎందుకో చెప్పాలి, చెప్పాలంటే ఆ మాట బయటపడాలి. చెప్పేద్దామనే అనుకునేదాన్ని, రేపు, ఆదివారం, పండగ కానీ అని. ఈలోగా బిడ్డ పుట్టాడు, ఇంకో సాకు దొరికింది. ఏటా క్రిస్మస్‌కి ముందు ఆ గోడకి రెండు పూతలు సున్నం ఎక్కువ కొట్టించేదాన్ని. సున్నం కింద ఏముందో నాకొక్కదానికే తెలుసు. ఛీ, ఏం బతుకు అనిపించేది, మళ్ళీ బడికి వెళ్ళి పిల్లలకి అబద్ధమాడకూడదని పాఠం చెప్పేదాన్ని.

మూడో ఏట గాలివాన వచ్చింది. మూడు రోజులు కురిసి, నాలుగో పొద్దున తెరిపి ఇచ్చింది. అమ్మయ్య గండం గడిచిందని నేను కాఫీ కలిపి అత్తగారికి గ్లాసు తీసుకుపోతున్నాను. ఆమె మంచం మీద, గోడకి చేరబడి కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి చాచింది కూడా. పెద్ద చప్పుడేమీ కాలేదు, గోనె సంచి నేల మీద పడేసినట్టు వినిపించింది, అంతే. ఇటుకలు తీస్తుంటే విడివిడిగా వచ్చేశాయి, మధ్యనున్న సున్నం తడిసిన బూడిదలా చేతులకంటుకుంది. ఆమెను తీసేసరికే అంతా అయిపోయింది.

సమాధి చేసిన మర్నాడు మేస్త్రి వచ్చాడు. మా వారు నెమ్మదస్థులు, జీవితంలో ఎవరినీ తూలనాడని మనిషి. ఆయన ఆ రోజు, ఊరంతా చూస్తుండగా, మా అమ్మను చంపావు కదరా అని అతని భుజాలు పట్టుకుని ఊపేశారు. అతను విడిపించుకోలేదు. ఆయన అలిసిపోయి వదిలేశాక, వంగి, కూలిన గోడలోంచి సున్నం పెల్ల ఒకటి తీసుకుని, కొస విరిచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, తిన్నగా నా వైపు చూశాడు. ఎప్పుడూ నేల చూపులు చూసే ఆ మనిషి నా కళ్ళలోకి చూసింది ఆ ఒక్కసారే. బిడ్డను చంకనేసుకుని నిలబడ్డ నేను తల దించుకున్నాను.

"నాదే తప్పు బాబూ," అన్నాడు మా వారితో. "ఇసక నోట్లో ఏసుకోకుండా గోడ లేపినాను. మేస్త్రి చెయ్యాల్సిన పని గాదు అది."

అంతే. భుజం మీది తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత మా వైపు ఊళ్ళలో అతన్ని గోడకి పిలిచినవాళ్ళు లేరు. కొన్నేళ్ళకి, మనుబోలు దగ్గర ఇటుక బట్టీలో మట్టి తొక్కుతూ కనపడ్డాడని మా వారే ఎవరో చెప్పగా విని వచ్చి, దేవుడున్నాడు అన్నారు. అన్నం వడ్డిస్తున్నాను నేను అప్పుడు. గరిట కింద పెట్టి చెప్పేయవచ్చు. వడ్డించాను, చారు పోశాను. ముప్పై ఏళ్ళు కలిసి బతికి, ఆ మేస్త్రి మీద కోపంతోనే ఆయన కన్ను మూశారు.

ఎదురింటి అమ్మాయి ఇచ్చిన నీళ్ళు తాగి లేచి, ఇసుక మంచిదేనని చెప్పి వచ్చాను. నిజంగానే మంచిదే. ఆ కాంట్రాక్టరు ఏటిదే అన్నది అక్షరాలా నిజం. ఇరవై ఏళ్ళుగా క్యాను నీళ్ళు తాగుతున్న నా నాలుక ఇప్పుడు రవ్వంత ఉప్పు తగిలినా పట్టేస్తుంది. మా ఊరికీ ఇప్పుడు క్యాన్లు వస్తాయట, అక్కడి పిల్లలూ బావి నీళ్ళు నోట పోసుకుంటే ఉమ్మేస్తారట. అందరి నాలుకలూ బాగుపడ్డాయి, ఇసుక నోట్లో వేసుకునే మేస్త్రీలే పోయారు, తనది కాని తప్పును తనదే అని నెత్తినేసుకునే మనుషులూ వాళ్ళతోనే పోయారు. నాదే తప్పు అనవలసింది ఆ రోజు నేను. ఇదిగో ఇప్పుడంటున్నాను, ఆ గోడ అతను కట్టింది కాదు, నేను కట్టించింది. వినవలసిన ముగ్గురిలో ఒక్కరూ లేరు.