సారవ్వ బీరపందిరి

రాయమల్లును భార్య రోజుకు ఒక్కసారే గుర్తుపట్టేది. అదీ పొద్దున, పెరట్లో, బీరపందిరి కింద.

మిగతా పొద్దంతా ఆయన ఆమెకు ఎవరో పరాయి మనిషి. "అన్నా, మా ఇంటాయన డ్యూటీ నుంచి ఇంకా రాలే, జర చూసొస్తవా?" అని అడిగేది. ఆ ఇంటాయన ఎదురుగానే అన్నం కలిపి, ముద్ద చేత్తో పట్టుకుని కూర్చుని ఉండేవాడు. సారవ్వకు మతిమరుపు మొదలై చాలాకాలమైంది. ఇది తగ్గే రోగం కాదని, మెల్లమెల్లగా అన్నీ మరిచిపోతుందని దవాఖానలో డాక్టరు చెప్పి పంపించాడు. ఆ "అన్నీ"లో తానూ ఉంటానని ఆ రోజు రాయమల్లుకు తట్టలేదు.

పెరటి తలుపు తీసి చేతికి గిన్నె ఇస్తే మాత్రం ఆమె నడకే మారిపోయేది. గోదావరిఖనిలో చెట్టుకు నీళ్లు పోస్తే చాలదు, ముఖం కూడా కడగాలి. బొగ్గు దుమ్ము తెల్లారేసరికి ఆకుల మీద నల్లగా పేరుకుంటుంది. సారవ్వ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు. కనకాంబరాలు తెంపి కొంగులో పోసుకునేది. బెండకాయ కొస విరిచి లేతదో ముదురో చూసేది. చివరికి పందిరి కిందికి వచ్చి, చేతికందని కాయను చూపించేది.

"బావా, అది తెంపు. నిన్ననే తెంపేదుండె, ముదురుతున్నది."

రాయమల్లు ఆమెకు సొంత మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. ఆ ఒక్క పిలుపు కోసం, రిటైరైన మనిషి కూడా ఫస్టు షిఫ్టుకు పోయేవాడిలా చీకటితో లేచేవాడు. గడప దాటి ఇంట్లోకి రాగానే మళ్లీ "అన్నా" అయిపోయేవాడు. అయితే అయ్యాడు, రేప్పొద్దున ఉంది కదా అనుకునేవాడు. సర్వీసంతా బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన పని ఆయనది. పందిరి గుంజలూ అట్లాగే పాతాడు, ఏనుగు రాసుకున్నా కదలనట్టు. ఈ తోట నిలిచినంతకాలం ఆమె మనసులో తానుంటానని మొండిగా నమ్మాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ అంటారు. ఈ బొగ్గు నేల మీద రోళ్లే కాదు, మనుషులూ పగులుతారు. బోరు సన్నగా పోస్తోంది. రాయమల్లు తన స్నానం మానుకుని ఆ నీళ్లు పాదులకు పోశాడు. పాత చీరలు పందిరి మీద కప్పాడు. అంత చేసినా, దరిద్రుడి పెళ్లికి వడగళ్ల వాన అన్నట్టు, ఆకుల అడుగున పేనుబంక పట్టింది. సారవ్వ ఒక ఆకు తిప్పి చూసి, మొహం చిట్లించి, గిన్నె కింద పెట్టేసింది. ఆ పొద్దు బావా అనలేదు.

రాయమల్లుకు ఊళ్లో తల్లి చేసిన పని గుర్తొచ్చింది. పాదుకు పేను పడితే ఆమె పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి చల్లేది, పాదు తేరుకునేది. ఈయన ఇంట్లోనూ బూడిదకు కరువు లేదు. గ్యాసు ఉన్నా నీళ్లు కాగేది బొగ్గుల పొయ్యి మీదే. గోడ పక్కన కుప్పపడిన బూడిదంతా జల్లెడ పట్టి, ఆకు కనబడకుండా చల్లాడు. మొదళ్లలోనూ దోసిళ్లతో పోశాడు. భయపడ్డవాడి చెయ్యి ఎప్పుడూ బరువే.

వారం తిరక్కుండానే ఆకులు అంచుల నుంచి మాడుకుంటూ వచ్చాయి. పిందెలు రాలిపోయాయి. పక్కింటి యిర్మియా, ఒకే బాయిలో కలిసి పనిచేసినవాడు, గోడ మీంచి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏం చల్లినవే రాయమల్లు?"

"బూడిదనే. మా అవ్వ గిట్లనే చల్లేది."

"మీ అవ్వది కట్టెల పొయ్యి, ఇది బొగ్గు బూడిద! ఉప్పు చల్లినట్టేనాయె. నేను గూడ గిట్లనే చేసి మల్లెచెట్టు చంపుకున్న. బాయి పనికొచ్చి ఇన్నేండ్లాయె, అయినా మనకు ఇంకా ఊరి తెలివే."

"ఇప్పుడెట్లనే మరి?"

"కడుగు. బతికితే బతుకుతది."

కడిగాడు. బోరు గాలి తన్నేదాకా కడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని సామెత. రాయమల్లుకు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు.

ఆ పాడుబడ్డ తోట చూపించే ధైర్యం లేక పెరటి తలుపు గొళ్లెం పెట్టాడు. పొద్దున్నే సారవ్వ గిన్నె కింద పెట్టి ఆ తలుపును రెండు చేతులా కొట్టింది, ఏడ్చింది.

"నన్నెందుకు ఆపుతున్నవ్ అన్నా? మా బావ తోటల ఉన్నడు. నా కోసం చూస్తడు."

"రేపు పోదువు," అన్నాడు రాయమల్లు.

సాయంత్రం మార్కెట్‌కు పోయి, తొడిమ ఉన్న లేత బీరకాయలు ఏరి ఏరి తెచ్చాడు. మర్నాడు ఆమె లేవకముందే, పచ్చదారంతో ఒక్కొక్క కాయనూ ఎండిన తీగలకు కట్టాడు. వెనక్కి జరిగి చూసుకుంటే ఏడుపొచ్చింది. గుడ్డివాడికైనా తెలిసిపోయే మోసం అది. ఈ ఒక్క పొద్దు దాటించు, దేవుడా, అని మొక్కుకుని గొళ్లెం తీశాడు.

సారవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది. తుడుద్దామని ఒక ఆకును పట్టుకుంటే చేతిలోనే పొడి అయింది. పందిరి కింద నిలబడి, అందిన కాయను పట్టుకుంది. తొడిమ దగ్గర వేళ్లు ఆగాయి. ఓపికగా ముడి విప్పి, దారాన్నీ కాయనూ మార్చి మార్చి చూసింది.

"అన్నా," అంది.

రాయమల్లు గుంజ పట్టుకున్నాడు.

"ఈ తోట ఎవరిదో గని, పాపం, ఎండిన తీగెకు కాయలు కట్టుకున్నడు చూడు. వద్దని చెప్పేటోళ్లు లేరా? ఇంట్ల ఎవ్వరు లేరా వానికి?"

"ఒకామె ఉండె," అన్నాడు రాయమల్లు.

"అయితే మనం తెంపొద్దు. వానికి బాధైతది," అని కాయను మళ్లీ ఆ తీగకే కట్టబోయింది. ముడి పడలేదు.

"జర పట్టుకో అన్నా," అంది.

రాయమల్లు పట్టుకున్నాడు.