చర్చి గుమ్మంలో బూట్లు

నిరుడు వేసవిలో ఇంగ్లండులో మేముండే లీడ్స్ నుంచి మావారూ నేనూ ఫ్రాన్స్ వెళ్ళి, పల్లెల్లో మౌంటెన్ బైకులు తొక్కాం. ఒక గుట్ట మీద మధ్యయుగం నాటి చర్చి కనబడింది. ఆయన అలవాటుగా గుమ్మం బయట బూట్లు విప్పేశారు. "ఇక్కడెవరూ విప్పరండీ" అన్నా వినలేదు.

తిరిగొచ్చేసరికి బూట్లు లేవు. ఎవరో వదిలేశారనుకుని, అక్కడ ఊడ్చే పెద్దావిడ వాటిని పేదల కోసం పాత బట్టలూ బూట్లూ వేసే ఇనప డబ్బాలో వేసేసిందట. దాని తాళం ఆవిడ దగ్గర లేదు. మేకుల్లాంటి పళ్ళున్న పెడల్స్ మీద ఒట్టి కాళ్ళతో, ప్రతి గుంటకీ నన్నే విసుక్కుంటూ హోటల్ చేరారు.

మర్నాడు కొత్త బూట్లతో ఇంకో పాత చర్చికి వెళ్ళాం. బుద్ధొచ్చిందనుకున్నాను. బూట్లు విప్పి నా చేతిలో పెట్టి, "నువ్విక్కడే ఉండు, చూసొస్తా" అన్నారు.

ఆ చర్చి లోపల అద్భుతమని ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. నాకు మాత్రం దాని గుమ్మమే తెలుసు.