ఇంటి రేటు, షాపు రేటు

వెర్లిన్ స్టబ్స్ ఆయిల్‌డేల్ చమురు బావుల దగ్గర వెల్డింగ్ పని చేసి చేసి రిటైరయ్యాడు. చేతులు ఊరుకోక, తాతల నాటి ఫోర్డు కారొకటి తెచ్చి గ్యారేజీలో పడేశాడు. దాని పైకప్పు కోసి కిందకు దించాడు. ముందు భాగంలో పట్టనంత ఇంజిను పట్టించాడు. ఆ ఊళ్లో ఇలా మార్చుకున్న పాత కారు, అంటే హాట్‌రాడ్, లేని రిటైరైన మగాడంటే మీసం మొలవనివాడి కిందే లెక్క. అన్నీ స్వయంగా చేసుకున్న వెర్లిన్‌కి సూది పట్టడం మాత్రం చేతకాలేదు. సీట్ల పని, ఊళ్లో కార్ల సీట్లు కుట్టే చేబో మగాన్యాకి అప్పజెప్పాడు.

చేబో పనితనం చూస్తే కడుపు నిండిపోతుంది. చెర్రీపండు రంగు తోలు, లోపల స్పాంజి, పైన వేలెడు వెడల్పున పొంగిన వరసలు. సీటు మీద మొదలైన వరస తలుపు మీదకి కూడా తప్పకుండా నడిచి వెళ్తుంది. కూలీ, తోలు అంతా కలిపి ఏడువేల ఎనిమిది వందల డాలర్లు.

చేబోకి ఒక ఆనవాయితీ ఉంది. డబ్బు లెక్కపెట్టుకుని, తాళాలు చేతికిచ్చేముందు ఎంతో గంభీరంగా అడుగుతాడు: "షాపు రేటు ముట్టింది. మరి ఇంటి రేటెంత?" ఎదుటివాడు ఏ అంకె చెబితే అదే చేబో నోట కూడా శాశ్వతం. ఆ కారు యజమాని పెళ్లాం ఫోన్ చేసి అడిగినా తొణక్కుండా అదే చెబుతాడు. వెర్లిన్ నోటికి తొమ్మిది వందలని వచ్చింది.

ఆ సాయంత్రం వెర్లిన్ భార్య నాడీన్ కారులో కూర్చుని సీటంతా అరచేత్తో నిమిరింది. తొమ్మిది వందలేనా అని రెండుసార్లు అడిగింది. అబద్ధం ఇంత నున్నగా దిగిపోయినందుకు వెర్లిన్ లోలోపల పొంగిపోయాడు. ఆవిడ మొహం వెలిగిపోవడం దేనికో ఆయనకి తట్టలేదు.

నాడీన్‌ది మెయిన్ రోడ్డు మీద చిన్న టిఫిన్ హోటలు. అందులో సోఫా బెంచీలు చిరిగి చాలా కాలమైంది. ప్రతి ఆదివారం హోటలు కట్టేశాక ఆవిడే మోకాళ్ల మీద కూర్చుని వెండి రంగు టేపు అతికిస్తుంది. కొత్తవి కుట్టించుకునే స్తోమత లేదని ఇన్నాళ్లూ ఆ ఊసే ఎత్తలేదు. కారంతా తొమ్మిది వందలకు అయితే బెంచీలు ఎంతలో పని! మర్నాడే చేబోకి కబురు పెట్టింది.

శనివారం పొద్దున చేబో కొలత టేపు పట్టుకుని దిగేసరికి కౌంటరు దగ్గర కార్ల క్లబ్బు మగాళ్లంతా వరసగా కూర్చుని బన్నుల్లాంటి మెత్తటి బిస్కెట్లు, గ్రేవీ లాగిస్తున్నారు. వాళ్లలో వెర్లిన్ ఒకడు. చేబోని చూడగానే ఆయన మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చేబో ఆయన వంకే చూడకుండా బెంచీలన్నీ కొలిచాడు. ఎంతవుతుందని నాడీన్ అడిగింది. పాపం, ఏళ్ల తరబడి అలవాటైన నోరు.

"షాపు రేటా అక్కా, ఇంటి రేటా?"

కౌంటరు దగ్గర ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది.

"ఇంటి రేటంటే ఏంటి చేబో?"

చేబో టేపులో అంకెలు ఇప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా వాటిలో తలదూర్చాడు. "అదీ... మగాళ్ల లెక్కక్కా."

స్నేహితులకిచ్చే తగ్గింపని చెప్పేస్తే అయిపోయేది. ఆ మాట వెర్లిన్ నాలిక చివరనే ఉంది. కానీ ఎదురు బెంచీ మీద టేపు అంచు లేచి, దానికింద ఇంకో టేపు కనిపించింది. ఆ అతుకులు వేసిన చేతులు ఆయనకి తెలుసు.

"ఏడువేల ఎనిమిది వందలు," అన్నాడు.

"ఏది?"

"కారు సీట్లు."

నాడీన్ కాఫీ జగ్గు పట్టుకుని ఆయన కప్పు నింపింది. అంచుదాకా వచ్చాక ఆపింది. "బ్యూటీ పార్లర్‌లో అందరికీ గొప్పగా చెప్పుకొచ్చానయ్యా, మా ఆయన బేరమాడితే తిరుగులేదని," అంది. ఆ మాట అంటుండగానే భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతో జగ్గు కింద పెట్టాల్సి వచ్చింది. కళ్లు తుడుచుకుని చేబో వైపు తిరిగింది. "నా బెంచీలకి ఇంటి రేటే చేబో. తొమ్మిది వందలు. షాపు రేటుకి ఎంత తగ్గితే అంతా ఈయనిస్తాడు."

వెర్లిన్ బుద్ధిగా తలూపాడు. ఇంజిను జోరు పెంచడానికి దాని నెత్తిన పెడదామని దుప్పట్లో చుట్టి దాచుకున్న సూపర్‌చార్జర్ ఆ వారమే అమ్మేశాడు.

బెంచీలు అదే చెర్రీపండు రంగులో, అవే వరసలతో తయారయ్యాయి. క్లబ్బు మగాళ్ల ఆడవాళ్లు వచ్చి కూర్చోవడం, నిమరడం, ఎంతయిందని అడగడం, నాడీన్ షాపు రేటు, ఇంటి రేటు రెండూ విడమర్చి చెప్పడం, వాళ్లు నెమ్మదిగా పక్కనున్న మొగుళ్ల వైపు తిరగడం: అన్నీ ఒక్క పూటలో జరిగిపోయాయి. డ్వైట్ ప్రూయిట్ ఇంటి రేటు నాలుగొందలట. వారం రోజులు వాడు కార్లోనే కాపురం పెట్టాడు. మెత్తటి సీట్లు కాబట్టి నడుం నొప్పి రాలేదు.

అప్పట్నించీ శనివారాలు అక్కడ టిఫినుకి రెండు ధరలు. ఆడవాళ్లకి ఇంటి రేటు, హాట్‌రాడ్ ఉన్న మగాళ్లకి షాపు రేటు. ఒక్కడూ కిక్కురుమనడు. హోటల్లో సాయానికి ఏప్రాన్ కట్టుకుని కాఫీ పోస్తూ తిరిగే వెర్లిన్, తన ప్లేటు ముందేసుకుని ఒకసారి ఆశగా అడిగాడు.

"నాక్కూడా షాపు రేటేనా?"

"నీకే ముందు," అంది నాడీన్, గ్రేవీ ఇంకో గరిటె వేస్తూ.