పెద్దరాణి ఎందుకలా చేసింది

మా అత్తయ్యకి కుడి కంటిలో శుక్లం తీయించిన ఏడాది, మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, సాయంత్రాలు ఆవిడకి సీరియల్ చెప్పే పని నా మీద పడింది. కొన్నాళ్ళు టీవీ వైపు చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఎడమ కన్ను అంతకు ముందే మసకబారి ఉంది. చూడనులే, వింటాను, ఎవరొచ్చారో, ఏ మొహం పెట్టారో నువ్వు చెబుతూ ఉండు అంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, టీవీకి వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి కూర్చునేది. పొలం నుంచి వచ్చే మా ఆయన ఆవిణ్ణి అలా చూసి మొదట్లో నవ్వేవాడు. తరువాత నవ్వడం మానేశాడు.

అది హిందీ నుంచి తెలుగులోకి మార్చిన రాజుల కాలం కథ. ముసలి రాజు మంచం పట్టాడు. ఆయనకి ఇద్దరు రాణులు. పెద్దరాణికి పిల్లలు లేరు, చిన్నరాణికి ఒక్కడే కొడుకు. రాజు తమ్ముళ్ళకి ఆ సింహాసనం మీద కన్ను. అంతవరకు నాకు అర్థమయ్యేది. అర్థం కానిది పెద్దరాణి. ఒక వారం ఆ పిల్లవాడు ఏనుగు కాళ్ళ కింద పడబోతుంటే తాను అడ్డంపడి లాగింది. మరుసటి వారం అదే పిల్లవాడి పడకగది దగ్గర కాపలావాళ్ళని పంపించేసి, తలుపు తీయించి ఉంచింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఫలానా పాత్ర స్వభావం రాయండి అని పిల్లలకి ప్రశ్నలిస్తుంటాను. ఆ సీరియల్లో మాత్రం ఎవరి స్వభావమూ నాకు రెండు వారాలపాటు నిలవలేదు.

కథ సాగదీయడానికి ఎటు కావాలంటే అటు తిప్పుతున్నారు, అంతే అత్తయ్యా అన్నాను ఒకరోజు.

"తిప్పలేదే" అంది ఆవిడ, గోడ వైపు చూస్తూనే. "పిల్లాడంటే ప్రేమ. వాడి తల్లంటే పగ. రెండూ నిజమే. అట్టాంటప్పుడు మనిషి అట్టాగే చేసిద్ది."

ఆవిడ చూస్తూ కూర్చునే ఆ గోడ సంగతి చెప్పాలి. మా ఇల్లు ఒకప్పుడు రెండిళ్ళంత పొడుగున్న ఒకే ఇల్లు. మా మామయ్య, ఆయన తమ్ముడు విడిపోయినప్పుడు పొలాన్ని గట్టు వేసి పంచుకున్నారు. ఇంటిని హాలు నడిమధ్య ఒంటి ఇటుక గోడ లేపి పంచుకున్నారు. గోడకి అవతల మా చిన్నత్తయ్య, అంటే మా అత్తయ్య తోడికోడలు, ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ పోయారు. చిన్నత్తయ్య కూతురు ఒంగోలులో కాపురం ఉంటోంది. ఆవిడ ఒక్కతే అటు, మేమందరం ఇటు. నేను కాపురానికి వచ్చిన నాటికే తోడికోడళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. ఎదురెదురు పడితే ఒకరు ఆగి ఇంకొకరిని పోనిచ్చేవారు. అంతటి మర్యాద నాకు తిట్టుకోవడం కంటే భయంగా ఉండేది.

అవతల కూడా అదే సీరియల్ చూసేవారు. వాళ్ళది కేబుల్, మాది డిష్. వాళ్ళ టీవీలో మాట మా దానికంటే కాస్త ముందు వచ్చేది. ఎవరో కేక పెట్టడం మేం గోడలోంచి ముందు వినేవాళ్ళం, తరువాత మా టీవీలో కత్తి లేచేది. ఏదో జరగబోతోందని ప్రతిసారీ ముందే తెలిసేది, ఏం జరుగుతుందో మాత్రం తెలిసేది కాదు. ఆ క్షణంలో అత్తయ్య కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకునేది.

మా పాప అప్పుడు యూకేజీ చదువుతోంది. దానికి గోడలతో పనిలేదు. మధ్యాహ్నం స్కూలు వ్యాను దిగి, అన్నం తిని, చిన్ననానమ్మ దగ్గరికని పక్కింటికి పోయేది. చిన్నత్తయ్య దానికి జడలు వేసేది, వేరుశనగ ఉండలు చేసిపెట్టేది. మా అత్తయ్య ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. కానీ సీరియల్ ముదిరేకొద్దీ ఆవిడ మారింది. పాప అక్కడ ఏం తింది, ఏం తాగింది అని అడగడం మొదలుపెట్టింది. ఒకసారి దాని చేతిలోని ఉండని తీసుకుని వాసన చూసింది. నేను చూశానని తెలిసి తిరిగి ఇచ్చేసింది.

అసలు సంగతి బయటపడిన సాయంత్రం నాకు బాగా గుర్తు. సీరియల్లో పిల్లవాడికి విషజ్వరం వచ్చింది. రాజవైద్యుణ్ణి పంపమని చిన్నరాణి కబురు చేసింది. కబురు పెద్దరాణికి చేరింది. ఆవిడ అద్దం ముందు కూర్చుని ఉంది.

"ఏం చేస్తంది?" అని అడిగింది అత్తయ్య.

"తల దువ్వుకుంటోంది."

"చెప్పలేదా?"

"ఇప్పుడు చెప్పింది. దువ్వుకోవడం అయ్యాక."

"ఏ మొహం పెట్టింది?"

ఏ మొహమూ పెట్టలేదు అన్నాను. అత్తయ్య కుర్చీని గోడకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. తరువాత, నేను అడగకుండానే, గోడతో చెబుతున్నట్టుగా చెప్పడం మొదలుపెట్టింది.

చిన్నత్తయ్యకి కూతురి కంటే ముందు ఒక కొడుకు పుట్టాడట. ఇంకా నడక రాలేదు. ఇలాంటి మిరపకోతల రోజుల్లోనే వాడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. మగవాళ్ళు ఊరవతల కల్లంలో, ఎండిన కాయలు బస్తాల్లో తొక్కించి ట్రాక్టరుకి ఎత్తిస్తున్నారు. మా అత్తయ్య వాళ్ళకి అన్నం క్యారేజీ తీసుకుని బయలుదేరుతుంటే చిన్నత్తయ్య గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. పిల్లాడు కళ్ళు తేలేస్తున్నాడు, ట్రాక్టరు తీసుకుని ఉన్నపళంగా రమ్మని చెప్పక్కయ్యా అని బతిమాలింది. అత్తయ్య కల్లానికి వెళ్ళింది. అన్నాలు వడ్డించింది.

"పిల్లాడికి జరమొచ్చిందని చెప్పాను" అంది అత్తయ్య. "తొందరగా రమ్మందని చెప్పలా."

వాళ్ళు అన్నాలు తిన్నారు. బస్తాలు ఎత్తడం పూర్తిచేశారు. ఆ తరువాతే ఇంటికి వచ్చారు. పిల్లాడు పేట ఆసుపత్రికి చేరేలోపే దారిలో పోయాడు. కబురు ఎలా చెప్పావని చిన్నత్తయ్య అడగలేదట, ఈవిడా చెప్పలేదట; ఇద్దరి మధ్యా మాటలు అప్పుడే పోయాయి.

ఎందుకు చెప్పలేదత్తయ్యా అని అడిగాను.

"పొద్దున నీళ్ళ బిందె దగ్గర మాటా మాటా అనుకున్నాం. అందుకేనా అంటే, కాదు. వాడికి స్నానం పోసేది నేనే. వాడంటే నాకు ప్రాణం. ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ తెలవదు."

అప్పుడు గమనించాను, గోడకి అవతల ఏ చప్పుడూ లేదు. వాళ్ళ సీరియల్ అయిపోయిందేమో అనుకున్నాను. మా టీవీలో ఇంకా చాలాసేపు నడిచింది.

తరువాత కొద్దిరోజులకే అది జరిగింది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అత్తయ్య వరండాలో నిలబడి ఉంది. అన్నం తిని కాస్త నడుం వాల్చిందట, లేచేసరికి పాప లేదు. పక్కింట్లో ఉంటుందిలే అంటూ వెళ్ళాను. తలుపుకి తాళం వేసి ఉంది. చిన్నత్తయ్య మధ్యాహ్నం పూట ఇల్లు కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురింటి అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆవిడ చెప్పింది, పాపని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని ఆటో ఎక్కిందని, ఎక్కడికని అడిగితే తల కూడా తిప్పలేదని.

ఫోన్ చేశాను. మోగింది. మళ్ళీ చేస్తే మధ్యలో కట్ చేశారు. ఆ తరువాత స్విచాఫ్.

మా ఆయన కల్లం నుంచి బండి మీద వచ్చాడు. నన్ను ఇంటి దగ్గరే ఉండమని, బస్టాండు, ఆసుపత్రులు చూసొస్తానని పేట వైపు వెళ్ళాడు. అత్తయ్య ఏడవలేదు. నెమ్మదిగా మెట్లు దిగి, ఎన్నో ఏళ్ళుగా అడుగుపెట్టని పక్కింటి వాకిట్లోకి వెళ్ళింది. తలుపు తడుముకుని, తాళాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. తీసుకుపోయింది అంది. వీధంతా మిరపకాయల ఘాటు. నేను దగ్గుతూ ఆ వాకిటికీ మా వాకిటికీ మధ్య తిరిగాను. పక్కింటి పెరట్లో పత్తికి కొట్టే మందు డబ్బాలు ఉంటాయని గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా వెళ్ళి వాటి మూతలు చూసొచ్చాను. అన్నీ బిగించే ఉన్నాయి. ఎందుకు చూశానని నన్నెవరూ అడగలేదు.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది. చిన్నత్తయ్య దిగింది. భుజం మీద పాప నిద్రపోతోంది. ముంజేతికి దూది పెట్టి ప్లాస్టర్ అంటించి ఉంది. నేను పరుగెత్తి దాన్ని లాక్కున్నంత పని చేశాను. ఒళ్ళు వెచ్చగా ఉంది, ఊపిరి బాగానే ఆడుతోంది.

ఆడుకుంటూ ఆడుకుంటూ ఒళ్ళు కాలిపోయిందని, కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుందని చిన్నత్తయ్య చెప్పింది. ఫిట్స్ తగ్గడానికి సూది వేశారు, చల్లటి నీళ్ళతో ఒళ్ళు తుడిచారు. ఆలస్యం చేయకుండా తెచ్చారని డాక్టరు మెచ్చుకున్నాడట. మందుల కవరు నా చేతికిచ్చి ఏది ఎప్పుడు వేయాలో చెప్పింది, మళ్ళీ నా చేత చెప్పించుకుంది. పాపని భుజాన వేసుకుని, కవరు పట్టుకున్న చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

అత్తయ్య ఇంకా ఆ వాకిట్లోనే ఉంది. కదిలి వచ్చి, తోడికోడలి ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళ తరువాత మొదటి మాట ఆవిడే మాట్లాడింది.

"నేను ఇంట్లోనే ఉన్నాగా. ఒక్క మాట చెప్పి పోవచ్చుగా. ఫోనన్నా తీయవచ్చుగా."

చిన్నత్తయ్య ఆ నల్ల కళ్ళద్దాల్లోకి చూసింది.

"జరమని చెబితే చాలా అక్కయ్యా? తొందరని కూడా చెప్పాలా?"

గొంతు పెంచలేదు. సీరియల్ ముందు కూర్చున్న ఆ సాయంత్రం అత్తయ్య అన్న మాటలు ఒక్కటి కూడా పోకుండా ఆవిడ గోడలోంచి విన్నదని నాకు అప్పుడు అర్థమైంది. వినడానికే టీవీ నోరు నొక్కింది. నా బిడ్డని బతికించింది. అదే బిడ్డతో, తన కొడుకు పోయిన ఆ మధ్యాహ్నం మొత్తాన్ని మా అత్తయ్య చేత మింగించింది. ఆటో ఎక్కేటప్పుడు ఆవిడ మనసులో ఏది ముందుందో నేను అడగలేదు. అడిగినా చెప్పగలిగేది కాదనుకుంటాను.

అత్తయ్య తల వంచుకుని మా మెట్లెక్కింది. ఆ వారం టీవీ పెట్టొద్దంది. సీరియల్ తరువాత చాలాకాలం నడిచిందట. ఎలా ముగిసిందో మాకు తెలియదు.

పాప జ్వరం తగ్గగానే పక్కింటికి పోతానని మారాం చేసింది. అత్తయ్యే వెళ్ళమంది. ఈసారి వద్దనాలనిపించింది నాకు. కారణం ఏం చెప్పను? అందరి ముందూ ఆ ఇంటికి దండం పెట్టుకోవలసిన దాన్ని. చిన్నత్తయ్య తన ఫ్రిజ్‌లో జ్వరం సిరప్పు తెచ్చి ఉంచింది. ఇలాంటి ఫిట్స్ కొంత వయసు వచ్చేదాకా మళ్ళీ రావచ్చని డాక్టరు చెప్పాడని నాకు గుర్తుచేస్తూ ఉంటుంది. జాగ్రత్తగా చెబుతోందో, భయపెడుతోందో తెలియదు.

క్రిందటేడు అత్తయ్యకి ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయింది. రోజూ చుక్కలు వేయాలి. నేను స్కూలుకి, మా ఆయన పొలానికి. నేను వేస్తాలే అని చిన్నత్తయ్యే వచ్చింది. వద్దంటుందనుకున్న అత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి, మొహం పైకెత్తి, కన్ను తెరిచి పెట్టింది. చిన్నత్తయ్య రెండు వేళ్ళతో రెప్ప విప్పి పట్టుకుంది. నేను వంటగది గుమ్మంలో సంచీ తగిలించుకుని నిలబడ్డాను. ఆ సీసా అంతకుముందే తీసి చదివాను, సరైన మందే. స్కూలు బస్సు హారన్ కొడుతోంది. చుక్క పడి, అత్తయ్య కన్ను మూసుకుని, మంటగా లేదు అన్నదాకా నేను కదల్లేదు.