అంగారకుడికి సగం దారిలో ఫ్లాస్కు మూత

లీబెర్ ఎచెగోయెన్ కుడి మణికట్టు మీద చొక్కా గుండీ అంత కాలిన మచ్చ ఉంటుంది. బళ్ళో చదివే రోజుల్లో, కిక్కిరిసిన బస్సులో నిలబడి, చంకలో ఫ్లాస్కూ చేతిలో సొరబుర్రా పెట్టుకుని మతే పోసుకుంటున్నాడట. బుర్రలో ఆకుపొడి వేసి, వేడినీళ్ళు పోసుకుంటూ గొట్టంతో పీల్చే మా పానీయం అది. బస్సులో మతే తాగరాదని డ్రైవరు నెత్తిమీదే బోర్డు ఉంటుంది. మా మాంటెవిడియో నగరంలో ఆ బోర్డుని లెక్కచేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. సరిగ్గా నీళ్ళు వంపే క్షణంలో బ్రేకు పడింది.

“బస్సు ఆగింది, ప్రొఫే. నీళ్ళకి ఆ కబురు అందలేదు. వాటి దారిన అవి పోయాయి. ఆ దారిలో నా చెయ్యి ఉంది,” అంటాడు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి అతనికి నేను ప్రొఫే. మా ఇళ్ళ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇద్దరివీ సెర్రో కొండవాలున, కిటికీ తెరిస్తే ఓడరేవు కనిపించే ఇళ్ళు. మా రెనాటా పుట్టి నాలుగు నెలలు. మా ఆవిడ మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టాక మధ్యాహ్నాలు పిల్ల నా దగ్గరే. ఛాతీకి గుడ్డతో కట్టుకుని తిరుగుతాను. నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఏడిస్తే ఎందుకు ఏడుస్తోందని భయం, ఏడవకపోతే ఎందుకు ఏడవడం లేదని భయం. ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక లీబెర్ దగ్గరికి వెళ్ళి కూర్చునేవాణ్ణి.

అతనిది కంప్యూటర్ల రిపేరు. బడిపిల్లల చిన్న కంప్యూటర్లు బల్లనిండా పరుచుకుని, మీటల మధ్య ఇరుక్కున్న పాలకోవాని పుల్లతో గీకుతూ ఉంటాడు. విమానం నడపాలని కుర్రతనంలో ఆశ. ఒక చెవి సరిగా వినిపించదని డాక్టర్లు పంపేశారు. అప్పుడు దిగాడు, సొంతంగా ఒక వీడియో గేమ్ తయారుచేసే పనిలోకి. బొమ్మలు గీసేది చిన్ననాటి స్నేహితుడు యమందూ. మిగతాదంతా లీబెర్. గేమ్‌లో ఒక అంతరిక్ష ఓడ ఉంటుంది. దాని పేరు పోర్ఫియాదా, అంటే మొండిది. దాన్ని భూమి నుంచి అంగారకుడికి చేర్చాలి.

“వేరే గేముల్లో చూశావా? బటన్ నొక్కితే ఓడ పోతుంది, వదిలితే ఆగుతుంది. అక్కడేమన్నా బురదుందా ఆగడానికి?” అన్నాడు నాకు మొదటిసారి చూపించినప్పుడు. “నా ఓడ ఆగదు. ఆపాలి. ఇంజను ఒక్కటే నా అబద్ధం, అంత ఇంధనం ఏ ఓడా మొయ్యలేదు. మిగతాదంతా నిజం. కావాలంటే లెక్క వేసుకో.”

వేశాను. భూమి మీద మన బరువు మనకి ఎంత తెలుస్తుందో అంతే తెలిసేలా సగం దారి వేగం పెంచుకుంటూ పోవాలి. అక్కడ ఇంజను ఆపి, ఓడ తోక అంగారకుడి వైపు వచ్చేలా తిప్పి, మళ్ళీ ఇంజను వేసి, మిగతా సగం అదే లెక్కన వేగం తగ్గించుకుంటూ పోవాలి. అంగారకుడు దగ్గరగా ఉన్న కాలంలో బయల్దేరితే ప్రయాణం రెండు రోజులు. నమ్మబుద్ధికాక మళ్ళీ వేశాను. రెండు రోజులే. గేమ్‌లో ఆ రెండు రోజుల్నీ అరగంటకి కుదించాడు.

ఓడలో ఒక బల్ల, దాని చుట్టూ నలుగురు, మధ్యలో మతే, ఒక్క బుర్రే వరసగా చేతులు మారుతూ. ఇంజను నడుస్తున్నంతసేపూ బరువుంటుంది, నీళ్ళు బుర్రలోకి ధారగా పడతాయి. ఇంజను ఆగిందా, నీళ్ళు ముద్దలై గాల్లో తేలతాయి. ఓడలో బరువు ఎక్కణ్ణించి వస్తుందో ఒక్క మాట కూడా చెప్పకుండా చూపించానని లీబెర్‌కి గర్వం. ఆ మతేయే కొంప ముంచింది.

మా పేట క్లబ్బులో ముసలివాళ్ళు బోచాస్ ఆడతారు, మట్టినేల మీద బంతులు దొర్లించే ఆట. ఒక శనివారం అక్కడ తెర కట్టి గేమ్ పెట్టాడు. ముందుగా డోన్యా ఎల్బియా కూర్చుంది. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ నోటికి క్లబ్బంతా జడుస్తుంది.

“డోన్యా ఎల్బియా, సగం దారి వచ్చేశారు. ఇంజను ఆపి ఓడ తిప్పండి.”

“ఇప్పుడా? వరస నా దాకా రాలేదు! నీళ్ళు గాల్లోకి లేచిపోవూ?”

“మళ్ళీ వేద్దురుగాని.”

“మతే తిరుగుతుంటే మధ్యలో ఆపడమేంటి నాయనా, ఎవరింట్లో పెరిగావు నువ్వు?”

ఆపలేదు. ఓడ అంతకంతకీ వేగం పుంజుకుంది.

“ఇప్పుడు ఎర్రగా ఏదో సర్రున పోయింది, ఏంటది?”

“అంగారకుడండీ.”

“చెప్పొద్దూ మరి!”

ఆ రోజు కూర్చున్న ప్రతివాళ్ళదీ అదే తంతు. మతే తిరుగుతుండగా ఇంజను ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

యమందూ ఇంటికి వస్తూ దారిలోనే తేల్చేశాడు. నగరంలో జరిగే గేముల ప్రదర్శనకి మా గేమ్‌ని వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం లోపల పంపాలి.

“శనివారం మళ్ళీ పెడదాం. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చేరితే నీ ఇష్టం. చేరకపోతే బటన్ వదిలితే ఓడ ఆగాలి. ఇంక నాతో వాదించకు.”

“అప్పుడది ఓడ కాదురా, సైకిలు.”

“సైకిలైతే జనం తొక్కుతారు.”

లీబెర్ మణికట్టు రుద్దుకుంటూ నడిచాడు. బొమ్మలు యమందూవి, మాట కాదనడానికి లేదు. ఇన్నేళ్ళ పనిలో అతను తనదనుకున్నది ఆ ఓడ నడకొక్కటే.

నాకు తోచిన సాయం నేను చేశాను. పెద్ద స్పీడోమీటరు పెట్టమన్నాను. ఎర్ర బాణం పెట్టమన్నాను. సగం దారి రాగానే బీప్ మోగాలన్నాను. అన్నీ పెట్టాడు. క్లబ్బు క్యాంటీన్ నడిపే విల్మార్ ఆడి చూసి, “ఏదో కూస్తోందిరా” అని సౌండు తగ్గించేసి అంగారకుణ్ణి దాటిపోయాడు.

నేనూ ఆడాను. వెళ్ళి గుద్దుకుంటామేమోనని మూడోవంతు దారికే ఓడ తిప్పేశాను. వేగం తగ్గి తగ్గి, ఇంకో మూడోవంతు దారి ఉండగానే ఓడ నిలబడిపోయింది. నేను చూసుకునేలోగా నింపాదిగా వెనక్కి, భూమి వైపు, బయల్దేరింది.

లీబెర్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. “పిల్ల పుట్టాక ఇలా అయ్యావా, మొదట్నుంచీ ఇంతేనా?”

“మొదట్నుంచీ ఇంతే. ఇప్పుడు కారణం దొరికింది.”

చిక్కు ఎక్కడుందో అప్పుడు ఇద్దరం మాట్లాడుకున్నాం. లోపల కూర్చున్నవాడికి వేగం పెరగడమూ తగ్గడమూ ఒక్కలాగే ఉంటాయి. రెండు సగాల్లోనూ కాళ్ళకింద అదే నేల, ఒంట్లో అదే బరువు. మొదటి సగం అయిపోయిందని ఒంటికి తెలిసే దారి లేదు. అంకెలు చెబుతాయి గాని, మతే చేతిలో ఉన్నవాడు అంకెలు చూడడు.

గురువారం మధ్యాహ్నం. పిల్ల నా గుండెల మీద నిద్రపోతోంది. లీబెర్ విరిగిన మీట అతికిస్తూ, మధ్యమధ్య మతే పోసి ఇస్తున్నాడు. నేను ఒక చేత్తో అందుకుని, రెండో చేతి వేలు రెనాటా ముక్కు దగ్గర పెట్టి పీల్చాను. ఉత్త వేడినీళ్ళలా ఉంది. పైన పుల్లలు తేలుతున్నాయి.

“చప్పబడిపోయింది లీబెర్. ఆకు మార్చు.”

అతను లేవలేదు. ఫ్లాస్కు తీసి చెవి దగ్గర ఊపాడు, వినిపించే చెవి దగ్గర.

“సగముంది,” అన్నాడు.

“సగముంటే ఏం? మార్చు.”

“అది కాదు ప్రొఫే. నాకెప్పుడూ సగం ఫ్లాస్కుకే చప్పబడుతుంది. నీకు?”

“అటూఇటూగా అంతే.”

“ఈ దేశంలో మీటరు చూడనివాళ్ళు బోలెడుమంది. చప్పబడ్డ మతే తాగుతూ నోరు మూసుకుని కూర్చునేవాడు ఒక్కడున్నాడా?”

మీట వదిలేసి కంప్యూటరు ముందుకి జరిగాడు. నా బాణాన్ని పీకేశాడు. నా బీప్‌నీ పీకేశాడు. నేను నొచ్చుకునేంతలో పిల్ల లేచింది.

శనివారం క్లబ్బు నిండింది. పిల్లని గుండెలకి కట్టుకుని నేనూ వెళ్ళాను. చలికి అందరి చంకల్లోనూ ఫ్లాస్కులే. ముందు విల్మార్ కూర్చున్నాడు. ఓడలో మొదటి మతే చేతికి రాగానే థాంక్స్ బటన్ నొక్కేశాడు. మా దగ్గర థాంక్స్ అంటే ఇంక నాకు పోయొద్దని.

“పొద్దుట్నుంచీ అదే తాగుతున్నా. పొట్ట ఉబ్బిపోయింది,” అన్నాడు.

బుర్ర అతన్ని వదిలేసి మిగతావాళ్ళ మధ్యే తిరిగింది. అది చప్పబడిన సంగతి అతనికి తెలియలేదు. ఎర్రగా ఏదో సర్రున పోయింది. యమందూ నా వైపు చూశాడు. లీబెర్ నేల చూశాడు.

“లేవ్వోయ్,” అంది డోన్యా ఎల్బియా.

ఆవిడ వరస తప్పకుండా తాగింది. తెర మీద మతే నురగ మెల్లగా చచ్చిపోయి పుల్లలు పైకి తేలాయి. బల్ల దగ్గరి బొమ్మ మనిషి మొహం చిట్లించాడు. అతనికంటే ముందే ఆవిడ మొహం చిట్లింది.

“ఇదేం మతే, గిన్నెలు కడిగిన నీళ్ళు! ఆకు మార్చరేం?”

“మార్చవచ్చండీ. పాత ఆకు పారేసే తలుపు ఓడకి వెనక ఉంది. ఇంజను ఆపి ఓడ తిప్పితేగాని తెరుచుకోదు,” అన్నాడు లీబెర్.

“ఆ ముక్క మొదటివారం చెప్పుంటే పోయేదిగా. మూతలు పెట్టండర్రా, ఆపుతున్నా!”

ఓడలో వాళ్ళు ఫ్లాస్కులకి మూతలు పెట్టారు. క్లబ్బులో కూడా, నేను కళ్ళారా చూశాను, అందరూ ఎవరి ఫ్లాస్కు మూత వాళ్ళు బిగించారు. నేనూ బిగించాను. ఇంజను మోత ఆగిపోయింది. వదిలేసిన నీటిబొట్టు ఒకటి బల్లకి పైన గాల్లో గుండ్రంగా తేలుతుంటే అందరం దాన్నే చూశాం. నక్షత్రాలు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి తిరిగాయి. ఆవిడ ఇంజను వేసింది. బొట్టు టప్పున బల్ల మీద పడింది.

“హమ్మయ్య,” అన్నారెవరో, ఫ్లాస్కు తెరుస్తూ.

కొత్త ఆకుతో వరస మళ్ళీ మొదలైంది. ఈసారి అంగారకుడు సర్రున పోలేదు. గింజంత ఉన్నది నారింజంత అయింది, తర్వాత తెరంతా అయింది. ఓడ వేగం నడిచే మనిషి వేగానికి దిగింది. ఎల్బియా ఇంజను ఒక క్షణం ముందే ఆపేయడంతో, ఓడ మిగిలిన వేగంతో పోయి అక్కడి రేవు గోడకి తగిలి కిర్రుమంది.

“తగిలిందా?”

“తగిలిందండీ.”

“చేరామా?”

“చేరాం,” అన్నాడు లీబెర్.

యమందూ తెర దగ్గరికి వెళ్ళి ఓడ పక్కన పడిన గీతని పరీక్షగా చూశాడు. “ఈ గీత ఇలాగే ఉంచుతా,” అన్నాడు. “సైకిలు వద్దులే. సోమవారం దీన్నే పంపుదాం.”

లీబెర్ మణికట్టు మీది మచ్చని బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడ్డాడు. డోన్యా ఎల్బియా కుర్చీలోంచి లేవలేదు. నా వైపు తిరిగి, “నువ్వా వేలు తియ్యవయ్యా పిల్ల ముక్కు దగ్గర్నించి. ఊపిరి పీల్చడం అది నేర్చుకునే వచ్చింది,” అని, మళ్ళీ తెర వైపు తిరిగింది.

“సరే, ఇంటికి ఎలా వెళ్ళాలి?”

“వచ్చినట్టేనండీ. ఇంకో ఫ్లాస్కు.”

“విల్మార్, నీళ్ళు పెట్టు,” అంది ఆవిడ.