దబ్బనం దిగిన జాకెట్

మెట్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో తిమోతి కుట్టుమిషను ఉంది. ఆ మిషను చప్పుడు ఆగినా ఆగుతుంది గానీ తిమోతి నోరు ఆగదు. తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాడు. ఎందుకని అడిగితే, "లెక్కల సారు రోజు నా కాడికొచ్చి, తిమోతీ, గీ లెక్క జర నాకు సమజ్ చెయ్యరాదురా అని బతిలాడుతుండె. పోరగాళ్ల ముంగట ఆయన ఇజ్జత్ పోతదని నేనే బయటికొచ్చిన" అంటాడు. జైనూర్ అడవిలో పులి ఎదురైతే మెడలోని టేపు తీసి దాని నడుము కొలిచాడట. పులి ఊపిరి బిగబట్టి నిలబడిందట. కొలత అయిపోయాక, జర వదులు పెట్టు అన్నట్టు చూసి వెళ్లిపోయిందట.

వినేవాళ్లకు అంతా అబద్ధమని తెలుసు. అయినా బట్టలు అక్కడికే తెస్తారు, కాసేపు నవ్వుకుని పోతారు. ఇరవై ఏళ్లలో తిమోతి చెప్పిన అబద్ధాలను వరసగా నిలబెడితే ఆ లైను చొప్పదండి దాకా వస్తుంది. వాటిలో ఒక్కటి మాత్రం మనిషి ఒంట్లో దిగింది. రెండు వేళ్ల లోతు.

ఆ మనిషి సమ్మయ్య. తిమోతి వాళ్ల మెథడిస్టు చర్చిలో పెద్దమనిషి. ఒకప్పుడు బొగ్గుగని గేటు దగ్గర కాపలా కాశాడు. ఇప్పుడు ఏటీఎంలలో డబ్బు నింపే బండికి కాపలా పోతున్నాడు. పోయిన ఎండాకాలం ఒక పొద్దున, డ్యూటీలో వేసుకునే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తెచ్చి తిమోతి బల్ల మీద పడేశాడు.

"పట్టీలు అందుతలేవురా. జర పొడుగు చెయ్యి."

"మా దుకాణంల జాకెట్ వదులు చెయ్యమని ఆడోళ్లే వస్తరు మామా. మొగోళ్లల్ల నువ్వే మొదలు."

"నోరు మూసుకొని కుట్టు. మాపటికి వస్త."

ఆ జాకెట్‌లో ఇనుము లేదు, రేకు లేదు. పైన నల్లటి తొడుగు, లోపల పసుపుపచ్చ గుడ్డ. దుప్పటి మడతల్లాగా పొర మీద పొర, ముప్పైకి తక్కువ ఉండవు. పద్ధతి ప్రకారం ఆ పొరల దిండును బయటికి తీసి, ఉత్త తొడుగుకే పట్టీ కుట్టాలి. తీయడానికి తిమోతికి బద్ధకమేసింది. అలాగే మిషను కింద పెట్టాడు. సూది నాలుగు పొరలు దిగి పుటుక్కున విరిగింది. తిమోతికి పౌరుషం వచ్చింది. గోనె సంచులు కుట్టే దబ్బనం తీసి, అరచేతికి తోలుముక్క చుట్టుకుని, బలమంతా పెట్టి నెట్టాడు.

దబ్బనం మొన అవతలివైపు బయటికి వచ్చి తళుక్కుమంది.

తిమోతి చెయ్యి అక్కడే ఆగిపోయింది. బడి మానేసినా గుడ్డ సంగతి వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. తుపాకి గుండుది మొద్దు ముక్కు. వచ్చి తగిలితే చుట్టూ ఉన్న పోగులన్నీ కలిసి వలలాగా సాగి దాన్ని పట్టుకుంటాయి, దెబ్బను తలా కొంచెం పంచుకుంటాయి. మొన తేలినదానికి ఆ బాధ లేదు. పోగుకూ పోగుకూ మధ్య సందు వెతుక్కుని, ఒక్కో పొరనూ పక్కకు నెట్టుకుంటూ పోతుంది. దబ్బనం పోయిన దారిలో కత్తి మొన మాత్రం పోదా?

దబ్బనం బయటికి లాగి, చిల్లును గోటితో రుద్ది పూడ్చాడు. అప్పుడు పొరలు బయటికి తీసి, తొడుగుకు పట్టీలు కుట్టాడు.

సాయంత్రం సమ్మయ్య వచ్చేసరికి దుకాణంలో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. సమ్మయ్య జాకెట్ లోపలి చీటీ చూపించాడు. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు చెమటకు చెరిగిపోయాయి.

"గిండ్ల ఏమని రాసిండ్రురా? కత్తికి గూడ ఆగుతదా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ వినడానికి మనుషులుండగా తిమోతి నోరు తిమోతి మాట వినదు.

"కత్తా? నిన్ను పొడిస్తే కత్తే వంగుతది మామా! గుండు వచ్చి దండం పెట్టి వాపస్ పోతది. గొడ్డలి తెచ్చినోడు గొడ్డలి నీ కాళ్ల కాడ పెట్టి ఇంటికి పోవాలె."

సమ్మయ్య నవ్వాడు. "నీ మాటలల్ల సగం తీసేసినా నాకు సాలు తియ్."

సగం తీసేశాడు. గొడ్డలిని తీసేశాడు, దండాన్ని తీసేశాడు. మిగిలిన సగంలో కత్తి ఉండిపోయింది.

రెండు నెలలకు చొప్పదండిలో, సమ్మయ్య బండి ఆగిన ఏటీఎం ముందు, మాంసం కొట్టు దగ్గర ఇద్దరు కొట్లాడుకున్నారు. ఒకడి చేతిలో కత్తి ఉంది. అందరూ పక్కకు ఉరికితే సమ్మయ్య ఛాతీ విరుచుకుని ఎదురుపోయాడు. "పొడువురా, సూద్దాం!" అన్నాడట. వాడు పొడిచాడు. ఎడమవైపు పక్కటెముకల కింద దిగింది. తొమ్మిది కుట్లు పడ్డాయి. పొరలు కొంత అడ్డుపడ్డాయి కాబట్టి ఇంతటితో పోయిందని, లేకుంటే ఇంకా లోతుకు దిగేదని డాక్టరు అన్నాడు.

ఆ మాట సమ్మయ్య కంటే ముందే మెట్‌పల్లి చేరింది. తిమోతి చెయ్యి పడిన జాకెట్ సమ్మయ్య పానం కాపాడిందని మార్కెట్ అంతా ఒకటే పాట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిమోతి గొప్పలు వేరేవాళ్లు చెబుతున్నారు. వాడేమో వినలేక మిషను గడగడలాడించి ఆ మాటలు వినబడకుండా చేసుకుంటున్నాడు. దవాఖాన గేటు దాకా మూడుసార్లు పోయి తిరిగొచ్చాడు. బత్తాయిలు వాచ్‌మన్ చేతికే ఇచ్చి వచ్చాడు. అన్నం ముందు కూర్చుంటే దబ్బనం మొన కళ్లముందు తళుక్కుమనేది. జాకెట్ లేకపోతే లోతుకు దిగేదని అందరూ అంటున్నారు. జాకెట్ మీద తన మాట లేకపోతే అసలు ఎదురుపోయేవాడా అని ఎవరూ అడగడం లేదు.

సమ్మయ్య లేచి తిరిగాక, మళ్లీ డ్యూటీకి ఎక్కే ముందురోజు, ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. సమ్మయ్యతో పాటు ఏటీఎం బండి మీద పనిచేసే రంజిత్ కూడా, తిమోతితో కుట్టు వేయించుకుందామని తన జాకెట్ పట్టుకుని వచ్చాడు. ప్రార్థన తర్వాత సమ్మయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. దేవునికి స్తోత్రం చెప్పి, తర్వాత తిమోతి వైపు చెయ్యి చాపాడు.

"ఈని చేతి కుట్టు నన్ను బతికిచ్చింది. లెవ్‌రా, నువ్వు గూడ రెండు మాటలు చెప్పు."

తిమోతి లేచాడు. "మామా, నేను అబద్ధం చెప్పిన. జాకెట్ కత్తికి ఆగదు. నాకు ఆనాడే ఎరుక."

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. "పులి నడుము కొలిచినోడు గిప్పుడు సాధువు అయ్యిండు!" అని ఎవరో అన్నారు. "సిగ్గుపడుతుండు, సప్పట్లు కొట్టుండ్రి" అన్నాడు రంజిత్.

ఇరవై ఏళ్లుగా చెప్పిన అబద్ధాలన్నీ ఇష్టంగా విన్నవాళ్లు, ఈ ఒక్క నిజం చెబితే నమ్మలేదు. తిమోతి చొక్కా జేబులోంచి దబ్బనం తీశాడు. గోడకు వేలాడుతున్న సమ్మయ్య జాకెట్‌ను ఒడిలోకి తీసుకుని, వెనక తన ఎడమ అరచెయ్యి ఆనించాడు. ముందునుంచి నెట్టాడు. నవ్వులు ఇంకా ఆగకముందే మొన పొరలన్నీ దాటి అరచేతిలో గుచ్చుకుంది. చెయ్యి తిప్పి చూపించాడు. నెత్తురు మణికట్టు దాకా కారింది.

సమ్మయ్య భార్య ఎలీసబెతు లేచి, తడిగుడ్డ తెచ్చి వాడి చేతిలో పెట్టింది. కట్టు మాత్రం కట్టలేదు.

"గీ మాట ఆనాడు చెప్తే ఆయన పక్కకు జరుగుతుండె గద, తిమోతీ."

"జరుగుతుండె అత్తా."

"మరెందుకు చెప్పలే?"

తిమోతి తడిగుడ్డను అరచేతికి అదుముకున్నాడు. చెప్పడానికి కట్టుకథ కూడా దొరకలేదు.

రంజిత్ తన జాకెట్ తిప్పి చూసుకుంటూ మెల్లగా అన్నాడు. "ట్రైనింగ్‌ల సారు పిస్తోలు గుండు వరకే అన్నడు. కత్తి సంగతి మేం ఎవ్వరం అడగలే."

సమ్మయ్య కుట్లు పడిన చోట చెయ్యి పెట్టుకుని లేచాడు. తిమోతి ఒళ్లోంచి జాకెట్ తీసి చెరిగిపోయిన చీటీ చూపించాడు. "ఆనాడు ఏమని రాసిండ్రని అడిగిన గద. గిప్పుడు రాయి."

ఎలీసబెతు పాత తెల్ల దుప్పటి అంచు చింపి, సూదీ దారమూ తెచ్చి ఇచ్చింది. ఈసారి తిమోతి ముందుగానే పొరలు బయటికి తీసి పక్కన పెట్టాడు. ఉత్త తొడుగు మీద గుడ్డముక్క పరిచి, ఎర్రదారంతో ఒక్కో అక్షరం కుట్టాడు. రంజిత్ తప్ప వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పోసిన చాయ్ చల్లారింది. కుట్టడం అయ్యాక సమ్మయ్య దాన్ని వెలుతురుకు పట్టి పైకే చదివాడు.

"ఇది పిస్తోలు గుండుకు. కత్తికి కాదు. కత్తి కనబడితే పక్కకు జరుగు."

మొహంలో నవ్వు లేకుండానే అడిగాడు. "గిండ్ల గూడ సగం తీసెయ్యాల్నారా?"

"ఒక్క అక్షరం గూడ తియ్యకు మామా."

రంజిత్ తన జాకెట్‌ను తిమోతి ముందుకు జరిపాడు. తిమోతి నెత్తురంటిన చేతిని తడిగుడ్డతో తుడుచుకుని, సూదిలోకి మళ్లీ ఎర్రదారం ఎక్కించాడు.